వాకిట్లో బీరువా... ధర చెప్పేది ఎవరు?

నెలాఖరు వచ్చిందంటే మా గోదావరిఖనిలో ఏ క్వార్టర్ల లైనులోకి వెళ్లినా ఏదో ఒక వాకిట్లో బీరువా నిలబడి కనిపిస్తుంది. పక్కనే విప్పిన మంచం, ఇనుప డబ్బా కూలర్, నీళ్ల డ్రమ్ములు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. బోర్డు పెట్టరు, చాటింపు వేయరు. అయినా లైనంతా తెలిసిపోతుంది, ఫలానా ఇంటాయన రిటైరయ్యాడు, వాళ్లు క్వార్టర్ ఖాళీ చేస్తున్నారని.

శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి పంపరు. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోరు. కాబట్టి శనివారం వచ్చి చూసి పోతారు, ఆదివారం వచ్చి తీసుకుపోతారు. ఆదివారం డ్యూటీని మా దగ్గర ప్లేడే అంటారు. ప్లేడే దొరికిన మగవాళ్లు డ్యూటీకి పోతారు, దొరకనివాళ్లు ఇంటి దగ్గర ఉంటారు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ తీరిక దొరికేది ఆ ఒక్కరోజే. ఇక దసరా, సంక్రాంతి లాంటి పండుగలకు వరుసగా రెండు మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయంటే చిన్న అంగడే అనుకోండి!

ఇల్లు నడిపే ఆడవాళ్లకు ఇంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? రామగుండం ఎండల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. నలభై అయిదు డిగ్రీలంటే ఇక్కడ ఎవరికీ వింత కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి పగలు కూలర్ లేకపోతే కంటిమీద కునుకు పడదు. కొత్త కూలర్ కొనాలంటే వేలు పెట్టాలి. వాకిట్లో అయితే వెయ్యికో పన్నెండు వందలకో వస్తుంది, గడ్డి మార్పించుకుంటే చాలు. మా ఇంట్లో సగం సామాను అలా వాకిళ్లలో కొన్నదే. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అందుకే ఈ బేరాలు తప్పని నేను అనడం లేదు. కానీ కొన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ సామానుకు ధర చెబుతున్నది ఎవరు?

మా ఊళ్లలో ఇంటి సామాను ఇలా వీధిలోకి రావడానికి కారణం ఉంది. సింగరేణి బెల్టులో ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్వార్టర్, అది అయిపోతే ఖాళీ. ఇది అందరికీ ముందే తెలిసిన నిబంధన. ఎవరినీ అనడానికి లేదు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల ప్రాంతానికి వచ్చింది. అంటే ఈ ముప్ఫై ఏళ్లలో గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం, ఇల్లెందు... ఇన్ని ఊళ్లలో ఎన్ని వాకిళ్లలో ఎన్ని బీరువాలు నిలబడ్డాయో ఊహించుకోండి. ఒక్కో బీరువా వెనక ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ల సంసారం ఉంటుంది.

ఎరువుల ఫ్యాక్టరీ సంగతి మా వయసు వాళ్లకు ఇంకా గుర్తే. 1980లో యూరియా తయారీ మొదలుపెట్టిన రామగుండం ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఆ తర్వాత టౌన్‌షిప్‌లో ఒక్కో ఇల్లే ఖాళీ అవుతుంటే మేం సోఫాలు, డైనింగ్ బల్లలు చూడ్డానికి వెళ్లేవాళ్లం. అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అడిగిన ధరకే ఇచ్చేసేవాళ్లు. 2021లో అక్కడే కొత్త ఫ్యాక్టరీలో మళ్లీ యూరియా తయారవడం మొదలైంది. కానీ ఆనాడు లారీ ఎక్కి వెళ్లిపోయిన వాళ్ల సామాను ఇప్పటికీ మా ఊరి ఇళ్లల్లో తిరుగుతూనే ఉంది. మా పక్కింటి వదిన గంజు మీద ఎవరిదో పెళ్లి తేదీ చెక్కి ఉంటుంది. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించడం మన అలవాటు కదా! ఆ పేరు వాళ్లెవరో వదినకు తెలియదు. అయినా ప్రతి పండుగకూ అందులోనే పరమాన్నం వండుతుంది.

ఇక నా సంగతి చెబుతాను.

2004లో మా వెనక లైనులో ఒకాయన రిటైరయ్యాడు. వాళ్లావిడ జాకెట్లు కుట్టేది. మా లైనులో సగం మంది జాకెట్లు ఆవిడ కుట్టినవే. ఆమెను అందరం అక్కా అనేవాళ్లం. కొడుకు హైదరాబాదులో ఉంటాడు, అతని దగ్గరికి వెళ్లిపోతున్నారు. మర్నాడు పొద్దున లారీ. ఆదివారం సాయంత్రం వాకిట్లో మిగిలిన సామానులో కాళ్లతో తొక్కే ఉషా మిషన్ కూడా ఉంది. నాకు ఎప్పటి నుంచో మిషన్ మీద మనసు.

“ఎంతకిస్తరన్నా?” అన్నాను.

“తొమ్మిది వందలు చెల్లె.”

“గింత పాతదానికి తొమ్మిది వందలా? నాలుగు వందలైతే తీస్కపోత.”

ఆయన లారీ వైపు, చీకటి పడుతున్న వీధి వైపు చూశాడు. “పట్కపో” అన్నాడు. అంతే! అయిదు వందలు మిగిలాయని నా ఆనందం చెప్పలేను.

మిషన్ ఎత్తుతుంటే అక్క లోపలి నుంచి వచ్చింది. చేతిలో నూనె డబ్బా, బాబిన్ల డబ్బా. మొహం చూస్తే అప్పటిదాకా సంగతే తెలియదని అర్థమైంది. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. రెండు డబ్బాలూ నా చేతిలో పెట్టి, “నెలకోసారి నూనె ఎయ్యి చెల్లె, లేకుంటే మొరాయిస్తది” అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. పక్కింట్లోనూ చెప్పాను. రెండేళ్ల తర్వాత అక్క ఎవరిదో పెళ్లికి వచ్చి కనిపించింది. “మిషన్ మంచిగ నడుస్తుందా?” అని అడిగింది. హైదరాబాదులో కొడుకు ఇంటి దగ్గర ఒక టైలర్ షాపు వాళ్లు ఇస్తే చీరలకు ఫాల్స్ చేత్తో కుడుతున్నానని చెప్పింది. మిషన్ ఉంటే జాకెట్లే కుట్టుకునేదాన్నని అనలేదు. ఆ మాట అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ మిషన్ ఎవరిది? ఆమె చిట్టీ కట్టి కొన్నది. దాని మీద కుట్టిన డబ్బులతోనే పిల్లల ఫీజులు కట్టింది. అది వాకిట్లోకి వచ్చేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ధర చెప్పేటప్పుడూ అడగలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. హైదరాబాదు ఇరుకింట్లో స్థలం లేదు, లారీ కిరాయి ఎక్కువవుతుంది, ఇవే ఆయన లెక్కలు. బేరమాడిన నేను మాత్రం ఏం చేశాను? అది ఆమె మిషన్ అని నాకు తెలుసు. లోపల ఉందనీ తెలుసు. “అక్కను పిలువన్నా” అని ఒక్క మాట అనలేకపోయాను. ఎందుకంటే ఆమె వస్తే ధర పెరుగుతుందని నాకు బాగా తెలుసు!

మన ఇళ్లల్లో ఇలాగే జరుగుతుంది. బీరువా చిట్టీ డబ్బులతో వస్తుంది. గ్రైండరు పుట్టింటివాళ్లు పెడతారు. గిన్నెలు పాత చీరలిచ్చి ఒక్కొక్కటిగా మార్చుకున్నవి. కూడబెట్టేది ఆడవాళ్లు. అమ్మే రోజున మాత్రం పాత సామాన్లవాడితో మాట్లాడేది మగవాళ్లు. గుత్తగా ఇంత అని తేల్చేస్తారు. ఏ మిక్సీ మోటారు పోయిందో, ఏ కుక్కరుకు కొత్త గ్యాస్కెట్ వేశామో వాళ్లకు తెలియదు. తెలియనివాడు ధర చెబితే తెలిసినదానికి నష్టం.

మా చెల్లెలి కూతురు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటుంది. అక్కడ యార్డ్ సేల్ అని పెడతారట. ఇంటిముందు గడ్డి మీద బల్లలు వేసి, ప్రతి వస్తువు మీదా ధర రాసిన చీటీ అంటించి అమ్ముతారు. మే చివరి సోమవారం మెమోరియల్ డే, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. వాటి ముందు శని ఆదివారాలు కలిసొస్తాయి కాబట్టి ఆ సెలవుల్లో వీధికి రెండు మూడైనా ఉంటాయట. కొన్ని ఊళ్లలో మునిసిపాలిటీ అనుమతి కూడా తీసుకోవాలి. మన తెలుగు పిల్లలు కొత్తగా కాపురం పెట్టేటప్పుడు పిల్లల ఉయ్యాల దగ్గర్నుంచి డైనింగ్ బల్ల దాకా అక్కడే కొనుక్కుంటారు. “పెద్దమ్మా, ఇక్కడ అమ్మేవాళ్లకీ సిగ్గుండదు, కొనేవాళ్లకీ సిగ్గుండదు” అంది. ఆ మాట నాకు భలే నచ్చింది.

మనకు మాత్రం సిగ్గు ఎక్కువ. అమ్మితే దివాలా తీశారంటారేమోనని, కొంటే గతిలేదంటారేమోనని. అందుకే చివరి రోజుదాకా ఆగుతాం. చివరి రోజు అమ్మేవాడికి ధర ఉండదు. నా నాలుగు వందల బేరం కుదిరింది అందుకే కదా!

మా వంతు 2023లో వచ్చింది. సింగరేణిలో రిటైర్మెంటు వయసు 2021లో 60 నుంచి 61కి పెరగడంతో మాకూ ఒక ఏడాది కలిసొచ్చింది. పవర్‌హౌస్ కాలనీ దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. సగం సామాను పట్టదు. మా ఆయన పాత సామాన్లాయనను పిలుచుకొచ్చారు. ఆయన ఇల్లంతా ఒక్క చుట్టు చూసి గుత్తగా ఆరు వేలన్నాడు. మా ఆయన తల ఊపబోతుంటే నేను అడ్డం పడ్డాను.

“ముప్పై ఆరేండ్లు నౌకరి చేసి వాకిట్ల దుకాణం పెడుదామా? నలుగురు ఏమనుకుంటరు?” అన్నారు.

“అనుకోనియ్యి. అమ్మేది నేను. నువ్వు బరువులు మొయ్యి చాలు” అన్నాను. నవ్వారు కానీ ఒప్పుకున్నారు.

నెల ముందే మొదలుపెట్టాను. నాలుగు ఆదివారాలు. పాత క్యాలెండర్ చింపి చీటీలు చేసి, ఒక్కోదాని మీద ధర రాసి అంటించాను. కూలర్‌ను నీళ్లు పోసి నడిపిస్తూ ఉంచాను. మిక్సీలో చెడు ఉంటే ఉన్నదని చెప్పాను. కొడుకు ఆడిన మూడు చక్రాల సైకిల్ అమ్మబుద్ధి కాక ఎదురింటి పిల్లవాడికి ఊరికే ఇచ్చేశాను. నాలుగు ఆదివారాలకు ఇరవై ఒక్క వేలు వచ్చాయి. ఆరు వేలెక్కడ, ఇరవై ఒక్క వేలెక్కడ! ఆ డబ్బు నా పేరుమీద పోస్టాఫీసులో వేసుకున్నాను.

వచ్చినవాళ్లెవరో చెబితే మీకు మా ఊరి పరిస్థితి అర్థమవుతుంది. ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు. మట్టి పనులకు వచ్చిన బీహారు, ఒడిశా కుటుంబాలు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు. ప్రతి ఏటా దసరా ముందు పర్మినెంటు కార్మికులకు లాభాల్లో వాటా వస్తుంది. 2023-24 లాభాల్లో 33 శాతం వాటా ఇచ్చినప్పుడు ఒక్కొక్కరికి లక్షకు పైగా వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా అయిదు వేల రూపాయల చొప్పున ఇచ్చింది కూడా 2024లో ఆ దసరాకే. లక్ష వచ్చిన ఇంట్లోకి లక్ష్మీనగర్ షాపుల నుంచి కొత్త ఫ్రిజ్ వస్తుంది. వాళ్ల పాత ఫ్రిజ్ వాకిట్లోకి వస్తుంది. అయిదు వేలు వచ్చిన ఇల్లాలు దాన్ని కొంటుంది. ఒకే గనిలో పనిచేసే రెండు ఇళ్ల మధ్య తేడా ఆ వాకిట్లో కనబడుతుంది. అందుకే అమ్మేటప్పుడు ఎదుటివాళ్లెవరో కూడా చూడాలి. కూలికి పోయే ఇల్లాలు రెండు వాయిదాల్లో ఇస్తానంటే నేను సరేనన్నాను. అలా ముగ్గురికి ఇచ్చాను. ముగ్గురూ తెచ్చి ఇచ్చారు.

కొనేవాళ్లకు కూడా నా అనుభవంతో నాలుగు మాటలు. కూలర్ నీళ్లు పోసి నడిపించకుండా కొనకండి. ఇనుప డబ్బా కూలరైతే ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు ఉందో లేదో చూడండి, షాకు కొట్టే కూలర్ ఊరికే ఇచ్చినా వద్దు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ కాదు, ప్లగ్గే తీసేయండి. బీరువా అయితే పైమెరుగు కాదు, కింది రేకు తుప్పు చూడండి, రెండు తాళంచెవులూ అడగండి. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. కుక్కరు అడుగు ఉబ్బిందేమో చూసి, సేఫ్టీ వాల్వు, గ్యాస్కెట్ కొత్తవి వేసుకోండి. గ్యాస్ పైపు, రెగ్యులేటరు మాత్రం పాతవి ఎప్పుడూ కొనకండి. చెక్క మంచమైతే సందుల్లో నల్లులు చూడండి. ఒక్క నల్లి వచ్చిందా, బేరం ఎంత చవకైనా మీ ఇల్లు గుల్లే!

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. వంటింటి సామాను, కుట్టు మిషన్, గ్రైండరు లాంటివి కొనేటప్పుడు ఇంటాయనతో తెగ్గొట్టకండి. “ఒకసారి వదినను పిలువన్నా” అనండి. ఆమె వస్తే ధర వంద పెరగొచ్చు. కానీ ఆ వస్తువు ఎలా వాడాలో, ఎక్కడ మొరాయిస్తుందో కూడా తెలుస్తుంది. అన్నిటికంటే ముందు, ఆమె ఇష్టపడి అమ్ముతోందో లేదో తెలుస్తుంది. బేరమాడండి, తప్పులేదు. వస్తువు ఎవరిదో వాళ్లతో ఆడండి.

మరి ఆ మిషన్ ఏమైందంటారా? మూడో ఆదివారం దాన్ని వాకిట్లో పెట్టే ముందు అక్కకు ఫోన్ చేశాను. పందొమ్మిదేళ్ల తర్వాత! “అక్కా, నీ మిషన్ తీసుకుంటవా, లారీకి పంపిస్త, పైసలు వద్దు” అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత నవ్వింది. “ఇప్పుడు సూదిల దారమే ఎక్కుత లేదు చెల్లె, కండ్లు పోయినయ్. కుట్టెటోళ్లకు ఇయ్యి” అంది. ఆగి, “ఎంతకిస్తున్నవ్?” అని అడిగింది.

“నువ్వే చెప్పక్కా” అన్నాను.

“తొమ్మిది వందలు” అంది వెంటనే. ఆనాడు వాళ్లాయన చెప్పిన ధర! ఆ సాయంత్రం లోపలి నుంచి అంతా విన్నదన్నమాట.

చీటీ మీద తొమ్మిది వందలే రాశాను. ఓబీ కాంట్రాక్టులో డ్రైవరుగా చేసే అబ్బాయి భార్య వచ్చింది, చంకలో పసిపిల్ల. ఏడు వందలకు అడిగింది. ఇది నా ధర కాదమ్మా, మిషన్ అసలు యజమానురాలు చెప్పిన ధర అని చెప్పి, జరిగింది చెప్పాను. ఆ పిల్ల బేరం ఆపేసి తొమ్మిది వందలూ ఇచ్చింది. నూనె డబ్బా, బాబిన్ల డబ్బా ఆమె చేతిలో పెట్టాను. డబ్బు అక్కకు పంపించాను. వద్దు వద్దని చాలాసేపు అన్నది కానీ తీసుకుంది.

దానితో నా తప్పు తీరిపోయిందని నేను అనుకోవడం లేదు. చేత్తో ఫాల్స్ కుట్టిన ఏళ్లు తొమ్మిది వందలకు తిరిగిరావు. మీలో ఎంతమంది ఇళ్లల్లో ఏడాదికో రెండేళ్లకో రిటైర్మెంటు ఉందో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఇవాళే ఒకసారి ఇల్లంతా కలియజూసుకోండి. ఏది మీతో రావాలో, ఏది వాకిట్లోకి వెళ్లాలో మీరే రాసి పెట్టుకోండి. లారీ వచ్చిన రోజు రాసుకుందామంటే ఆలస్యమైపోతుంది.